అధికారమును పరిచర్యయును

(వేదభాగములు: మార్కు 10వ అధ్యాయము 35–45 వచనములు, యోహాను 6వ అధ్యాయము 1–15, యోహాను 13వ అధ్యాయము 1–17. ఈ పాఠమును చదువుటకు ముందు వీనిని ఒకమారు చదువుకొనుడు.)



ఈ పాఠమును వ్రాయుటకు మమ్ము పురికొల్పిన యొక చిన్న సంగతిని ముందుగా చెప్పుదుము. ఒకనాడు తొమ్మిదవ తరగతిలో జెబెదయి కుమారుల వృత్తాంతమును బోధించుచు, "మీలో పెద్ద పదవి కోరువారెవ్వరు?" అని యడిగితిమి. తరగతి యంతయు చేతులెత్తెను. ఒకడు కలెక్టరు నగుదునని, ఒకడు డాక్టరు నగుదునని, ఒకడు శాసనసభకు పోవుదునని ఉత్సాహముతో పలికిరి. మేము సంతోషించితిమి. పిమ్మట, "మూలనున్న కుండలో నీళ్లు నిండుకొన్నవి. ఎవరు తెచ్చెదరు?" అని యడిగితిమి. ఎవ్వరును చేయి యెత్తలేదు. కాని యందరి చూపులును వెనుక బల్లపై కూర్చున్న యొక బాలుని వైపునకు తిరిగెను. అతడు వసతిగృహమున నుండి చదువుకొను బీదపిల్లవాడు. అతడు మారుపలుకక లేచి కుండ నెత్తుకొని వెళ్లెను.

అతడు గడప దాటిన తరువాత మాకొక సంగతి తోచెను. ఆ చూపులలో మా చూపును ఉండెను. పరిచర్యను గూర్చి బోధించుచున్న వేళనే, పరిచర్య యెవరి పాలిటి పనియో మేమును నిర్ణయించుకొని యుంటిమి. కావున ఈ పాఠమును మీకొరకే గాక మాకొరకును వ్రాసికొనుచున్నాము.

1. శిష్యుల కోరిక

ప్రభువు యెరూషలేమునకు పోవు త్రోవలో, తాను అప్పగింపబడి చంపబడుదునని మూడవమారు చెప్పెను. ఆ మాట చెవిని సోకిన వెంటనే యాకోబు యోహానులు వచ్చి, ఆయన మహిమలో ఒకరికి కుడివైపునను ఒకరికి ఎడమవైపునను ఆసనము కావలెనని యడిగిరి. మత్తయి వ్రాసినదాని ప్రకారము, ఈ మనవిని వారి తల్లియే చేసెను. తలిదండ్రులు ఈ భాగమును శ్రద్ధతో చదువుదురు గాక! బిడ్డ గొప్పవాడు కావలెనని కోరుట తప్పు కాదు. గొప్పతనమనగా నేమియో యడుగక కోరుటయే తప్పు.

తక్కిన పదిమందియు ఆ యన్నదమ్ములపై కోపపడిరి. ఆ కోపము ధర్మకోపమని మనము పొరపడరాదు. తాము కోరదలచినదానిని మరియొకరు ముందుగా కోరిరని వచ్చిన కోపమది. ప్రభువు ఇరుపక్షములవారిని పిలిచి ఒకే పాఠము చెప్పుట చూడగా, రోగము పన్నిద్దరికిని ఒకటియే యని తెలియుచున్నది.

ఆయన చెప్పినదానిలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, గొప్పవాడు కాగోరవలదని ఆయన నిషేధింపలేదు. గొప్పతనమునకు కొలతనే మార్చెను. రెండవది, ఆయన వాడిన రెండు పదములు. మూలమగు గ్రీకు భాషలో మొదటి పదము భోజనపు బల్లయొద్ద వడ్డించు పరిచారకునకు చెల్లునది. రెండవది తన దేహముపై తనకే స్వాతంత్ర్యము లేని దాసునకు చెల్లునది. ఆ కాలమున దాసులు సంతలలో అమ్మబడుచుండిరి. కావున ఆ మాట విన్నవారికి అది యలంకారముగా తోచియుండదు. చెవి చివుక్కుమనునట్లు తోచియుండును.

కుడి ఎడమల స్థానములు ఎవరికి దొరకెనో మార్కు తన గ్రంథము చివర చెప్పుచున్నాడు. సిలువకు కుడివైపున నొకడును ఎడమవైపున నొకడును ఇద్దరు బందిపోటు దొంగలు వ్రేలాడిరి.

2. గురువు శిష్యుల కాళ్లు కడుగుట

కాళ్లు కడుగుట యన నేమియో మన దేశస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. దూరము నుండి నడచి వచ్చిన చుట్టమునకు గడపయొద్ద నీళ్లిచ్చుట మన యాచారము. పెండ్లిపందిటిలో కన్యాదాత వరుని కాళ్లు కడుగును. శిష్యుడు గురువు పాదములు కడిగి ఆ తీర్థమును శిరస్సుపై చల్లుకొనును. వీనియన్నిటియందును ఒకే వరుస కలదు. గౌరవమిచ్చువాడు వంగును, గౌరవము పొందువాడు నిలిచియుండును. ఆ కడపటి రాత్రియందు ప్రభువు ఆ వరుసను తలక్రిందులు చేసెను. గురువు వంగెను, శిష్యులు కూర్చుండిరి.

యోహాను ఈ సంగతి వ్రాయుచు ఒక మాటను ముందుగా చేర్చెను. తండ్రి తనచేతికి సమస్తమును అప్పగించెనని యేసు ఎరిగియుండెనట. ఎరిగియుండియే లేచి తువాలు కట్టుకొనెనట. దిక్కులేక చేసిన ఊడిగము కాదది. చేతికి సర్వాధికారము వచ్చినప్పుడు ఆ చేయి మొట్టమొదట పట్టినది నీళ్ల పళ్లెరమును. అధికారమును పరిచర్యయు ఒకదానికొకటి విరోధములని కొందరందురు. ఈ భాగమును చదివినవారు అట్లనజాలరు. అధికారము చేతనుండగా దానితో నేమి చేయుదుమనుటయే ఇక్కడి ప్రశ్న.

మరియొక సంగతి. ఆ రాత్రి కడుగబడిన పాదములలో యూదా పాదములును ఉండెను. తనకు మేలు చేయువానికి సేవ చేయుట వర్తకము వంటిది, ప్రతిఫలము కలదు. తన్ను అప్పగింపబోవువాని పాదములు కడుగుటలో ప్రతిఫలమునకు తావు లేదు.

3. రొట్టె చేతనున్నవాని శోధన

అధికారమనగా సింహాసనమును ఖడ్గమును మాత్రమే మనకు స్ఫురించును. కాని ఆకలిగొన్న దేశమున ధాన్యముగలవాని అధికారము ఖడ్గముగలవాని అధికారము కంటె పెద్దది. వేదమునందు దీనికి ఒక దృష్టాంతము కలదు. ఆదికాండము 47వ అధ్యాయమున ఐగుప్తు కరవును గూర్చి చదువుదుము. యోసేపు కొట్లు తెరచి ధాన్యము నమ్మెను. ప్రజలు మొదట రూకలిచ్చిరి. రూకలు చెల్లిపోగా పశువులనిచ్చిరి. అవియు చెల్లిపోగా తమ పొలములను, తుదకు తమ దేహములను ఫరోకు అమ్ముకొనిరి. యోసేపు వారి ప్రాణములను కాపాడెనను మాట నిజము. ఆ ప్రజలే అట్లు చెప్పిరి. అతనిని నిందించుట మా తాత్పర్యము కాదు. అయినను కరవు ముగియునప్పటికి దేశమంతయు ఒక్క సింహాసనమునకు దాసత్వములో పడెను. కొన్ని తరముల పిమ్మట యోసేపును ఎరుగని రాజు వచ్చి ఆ సింహాసనము నధిష్ఠించెను. అప్పుడు యోసేపు సంతతివారే ఇటుకలు చేయు దాసులైరి. మంచివాడు పోగుచేసిన యధికారము మంచివాని చేతిలోనే నిలుచునని నమ్మరాదని దీనివలన నేర్చుకొనవలెను.

దీనికి ఎదురుగా గలిలయ సంగతిని ఉంచి చూడుడు. ప్రభువు ఐదువేల మందికి రొట్టెలు పంచిపెట్టెను. తిని తృప్తులైన జనులు ఆయనను బలవంతముగ రాజును చేయదలచిరి. అరణ్యమున శోధకుడు చూపిన లోకరాజ్యములే ఈ పర్యాయము కృతజ్ఞతగల ప్రజల చేతులతో వచ్చినవి. ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయెను. రొట్టెను ఇచ్చెను గాని రొట్టెకు మారుగా మనుష్యులను కొనలేదు.

4. సంఘము సింహాసనము నొద్దకు చేరిన కాలము

క్రీస్తు సంఘము ఈ పాఠమును ఎల్లప్పుడును జ్ఞాపకముంచుకొనెనని చెప్పజాలము. మూడువందల యేండ్లు హింసలనుభవించిన సంఘమునకు క్రీ.శ. 313లో రోమా చక్రవర్తులగు కాన్‌స్టంటైను, లిసీనియసులు స్వేచ్ఛనిచ్చిరి. 380లో థియొడోసియసు చక్రవర్తి క్రైస్తవ విశ్వాసమును రాజ్యమతముగ శాసించెను. హింసింపబడినవారు కొంతకాలమునకు హింసించువారైరి. 1099లో సిలువగుర్తు ధరించిన సేనలు యెరూషలేమును పట్టుకొని, ఆ పట్టణమున ముసల్మానులను యూదులను ఊచకోత కోసిరి. ఏ పట్టణమున ప్రభువు కాళ్లు కడిగెనో ఆ పట్టణమునందే యిది జరిగెను. దీనిని మన పిల్లలకు దాచకుండ చెప్పవలెను.

అయితే ఆ చీకటిలోను దీపములు లేకపోలేదు. 390లో థెస్సలొనీకలో వేలకొలది జనులను చంపించిన థియొడోసియసును, పశ్చాత్తాపపడువరకు ప్రభురాత్రి భోజనమునకు చేర్చుకొననని మిలాను బిషప్పగు అంబ్రోసు తెలియజేసెను. చక్రవర్తి తన్ను తాను తగ్గించుకొనెను. 1219లో సిలువయుద్ధము జరుగుచుండగనే అస్సీసి ఫ్రాన్సిసు ఆయుధము లేకుండ ఈజిప్టు సుల్తానగు అల్‌కామిలు శిబిరమునకు పోయి, సమాధానముగ మాటలాడి, క్షేమముగా తిరిగివచ్చెను.

5. ధాత కరవులో ఒంగోలు

ఇక మన తెలుగుదేశమునకు వత్తము. ఇక్కడను రొట్టెకును అధికారమునకును సంబంధించిన పరీక్ష యొకటి జరిగెను.

అమెరికను బాప్తిస్టు మిషనరీయగు జాన్ క్లౌ 1866లో ఒంగోలునకు వచ్చెను. ఆ దినములలోనే చెప్పులు కుట్టు మాదిగ కులమున పుట్టిన యెర్రగుంట్ల పేరయ్య విశ్వాసియై, తనవారికి సువార్త చెప్పుచు ఊరూర తిరుగుచుండెను. ఒకవైపున మాదిగలు వచ్చుచుండిరి. మరియొకవైపున ఊరిలోని పై కులములవారు, వీరిని చేర్చుకొన్నచో తాము రామని తెలిపిరి. పలుకుబడిగలవారిని విడుచుకొని పల్లెవాడలవారిని చేర్చుకొనుట లోకజ్ఞానమునకు సరిపడదు. ఆ చిక్కులో క్లౌయును ఆయన భార్యయు వేరు వేరు గదులలో నుండి వేదము తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమునందలి ఒకే భాగము దొరకెనని ఆయన తన వృత్తాంతమున చెప్పుకొనెను. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనునను భాగమది. వాకిలి మాదిగలకు తెరువబడెను.

పదియేండ్ల పిమ్మట, ధాత, ఈశ్వర సంవత్సరములలో, అనగా 1876 మొదలు 1878 వరకు, చెన్నరాజధానిలో ఘోరమైన కరవు సంభవించెను. లక్షలకొలది జనులు ఆకలిచేతను, ఆకలి వెంట వచ్చిన విశూచి మొదలగు రోగములచేతను మరణించిరి. ప్రభుత్వమువారు కరవు పనులలో భాగముగ బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. యౌవనమున భూమి కొలతల పని నేర్చిన క్లౌ, ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొనెను. సంఘములోని తెలుగు బోధకులే పనిపై మేస్త్రీలైరి. క్రైస్తవులనియు కానివారనియు భేదము లేక వేలకొలది బీదలు వచ్చి మన్ను త్రవ్వి కూలి తీసికొని ప్రాణములు నిలుపుకొనిరి.

విద్యార్థులారా, ఇక్కడ నిలిచి ఆలోచింపుడు. కూలియిచ్చు చేయియు బాప్తిస్మమిచ్చు చేయియు ఒక్కటియే. త్రవ్వువారిలో వందలకొలదిగ బాప్తిస్మము కోరుచుండిరి. ఔనన్నచో ఒక్క నెలలో ఎన్ని పేర్లనైనను పుస్తకమున వ్రాసికొనవచ్చును. ఆ సంఖ్యను చూచి దూరదేశమున చందాలిచ్చువారు సంతోషింతురు. కాని కరవున్నంతకాలము బాప్తిస్మమీయనని క్లౌ నిశ్చయించుకొనెను. ఏడాదికి పైగా ఆ వాకిలి మూయబడియుండెను. అన్నమునకు మారుగా ఆత్మను కొనుట ఆయనకు సమ్మతము కాలేదు.

వానలు కురిసెను. కాలువ పని ముగిసెను. సహాయమిచ్చుటకు తనయొద్ద ఇక ధనము లేదని ఆయన తెలియజేసిన తరువాతను జనులు వచ్చిరి. తాము సహాయమడుగ రాలేదని చెప్పిరి. 1878 జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరముగా వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు ఆ పని జరిపిరి.

వచ్చినవారందరి మనస్సులును కేవల నిర్మలములని మేము చెప్పము. మనస్సులను తూచు త్రాసు మనయొద్ద లేదు. ఆకలినాడు చేసిన ఉపకారము మరునాడు మరపునకు రాదు గదా యని యెవరైన అడిగినచో ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను చేతనున్న యధికారమును వాడక బిగబట్టుకొనుటయు ఒక పరిచర్యయని ఆ కాలువగట్టు నేర్పుచున్నది. ఇచ్చుట యొక గుణము. ఇచ్చి బంధింపకుండుట అంతకంటె పెద్ద గుణము.

6. పరిచర్యయు దొరతనము కావచ్చును

ఇంకొక చిక్కు కలదు. సేవ చేయువాడే పైవాడై, సేవ పొందువాడు ఎల్లప్పుడును క్రిందివాడుగా నుండిపోవచ్చును. ఆ కాలమున మిషనరీలను జనులు దొరలని పిలుచుచుండిరి. దొర జాతియు ఏలు జాతియు ఒక్కటిగా కనబడుచుండెను. ఈ మాటను నిర్భయముగా చెప్పినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఈయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకొని 1909లో నిజాము రాజ్యమునందలి డోర్నకలునకు సువార్తికుడుగా వచ్చెను. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీల త్యాగమును మెచ్చుకొనుచునే, దేశస్థులతో వారికి నిజమైన స్నేహము కొరవడినదని చెప్పి, స్నేహితులు కావలెనని వేడుకొనెను. ఆ సభలో చాలమందికి ఆ మాట కష్టముగా తోచెను. దయ చూపుట సులభము, సమానముగ కూర్చుండుట కష్టము.

1912 డిసెంబరు 29వ తేదీన అజరయ్య డోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయన. పదవి వచ్చినది, దానితో నేమి చేసెను? 1945లో మరణించువరకు మాలపల్లెలకును మాదిగపల్లెలకును తిరిగి, చదువురాని రైతుకూలీలకు ఉపదేశించి, వారి సంఘములను వారే నడుపుకొనునట్లు తెలుగు గురువులను సిద్ధపరచెను. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని కూడ ఆయన వాదించెను. మన జనసంఖ్యను చూపి రాజ్యాధికారములో వాటా పుచ్చుకొనుట సంఘపు పని కాదని ఆయన యభిప్రాయము. ఈ విషయమున ఆయనతో ఏకీభవింపని క్రైస్తవ నాయకులును ఆనాడుండిరి. బలహీనులకు రక్షణ కావలదా యని వారడిగిరి. పెద్ద తరగతుల విద్యార్థులు ఈ రెండు పక్షములను తర్కించి చూతురు గాక.

7. మన బడిలో

ఇప్పుడు మన కుండయొద్దకు తిరిగి వత్తము. మీలో కలెక్టర్లు కాగోరువారు కండు, డాక్టర్లు కాగోరువారు కండు. మంచివారు కుర్చీని విడిచిపెట్టినచో కుర్చీ ఖాళీగా నుండదు, చెడ్డవారు కూర్చుందురు. కాని మీ సంతకము కొరకు ఒక ముసలమ్మ వాకిట నిలిచిన దినమున, ఆమె ఆకలి మీ చేతికి వచ్చిన యధికారమని యెరుగుడు. ఆమె మీ కాళ్లకు మ్రొక్కి పోవునట్లు చేయుదురో, తలయెత్తుకొని పోవునట్లు చేయుదురో ఆనాడు తేలును. ఆ దినమునకు తగిన యభ్యాసము ఈ బడిలోనే జరుగవలెను. ఉపాధ్యాయులమగు మాకును ఈ మాట చెల్లును. నలుబదిమంది పిల్లలయెదుట నిలిచినవానికి చిన్న రాజ్యమున్నట్లే. అందులో దొరతనము చేయుట మిక్కిలి సులభము.

ఆ దినము తరువాత మా తరగతిలో నీళ్ల వంతుల పట్టీ యొకటి వ్రాసి గోడకంటించితిమి. అందు మొదటి పేరు మాది. మరునాటి ఉదయము మేము కుండ నెత్తుకొని కుళాయి యొద్దకు పోవుచుండగా కొందరు బాలురు నవ్విరి. వెనుక బల్లవాడు మాత్రము పరుగెత్తుకొని వచ్చి, "అయ్యగారూ, నేనుండగా మీరు మోయుట యేమండీ?" అని కుండను లాగుకొనబోయెను. పేతురు తన పాదములు వెనుకకు లాగుకొనినప్పుడు ప్రభువునకు ఎట్లుండెనో మాకు కొంచెము తెలిసినట్లయ్యెను. "నాయనా, నేడు నా వంతు. నీ వంతు పదునారవ దినమున వచ్చును. అంతవరకు నీవు కూర్చుండి చదువుకొనుము" అంటిమి. అతడు చాలసేపు అక్కడనే నిలిచియుండి, పిదప లోనికి పోయెను.

ఒక కుండ నీళ్లతో లోకము మారదని మేమెరుగుదుము. పట్టీ యతికించిన మూడవ వారమున ఇద్దరు బాలురు తమ వంతును ఆ పిల్లవానికే అప్పగింపజూచిన సంగతియు దాచము. కావున పాఠము ఇంకను ముగియలేదు. పట్టీ గోడపై నున్నది, నడుపుచున్నాము.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. తక్కిన పదిమంది శిష్యులకు కోపమేల వచ్చెను? మనకట్టి కోపము వచ్చిన సందర్భమొకటి చెప్పుడు.

2. ఐగుప్తులో యోసేపు ధాన్యము నిచ్చుటకును, గలిలయలో ప్రభువు రొట్టెలనిచ్చుటకును గల భేదమేమి?

3. కరవు కాలమున బాప్తిస్మమీయకుండుట న్యాయమా? కోరి వచ్చినవారిని కాచియుండుమనుట కఠినమా? ఇరుపక్షములను వ్రాయుడు.

4. మీ యింటిలో అందరికంటె ముందు లేచి అందరికంటె వెనుక తినువారెవ్వరు? ఆ పనిలో ఒకదానిని ఈ వారము మీరు చేసి, వారేమనిరో తరగతిలో చెప్పుడు.